నీళ్లెరుగని పడవబండి

నీటిలోకి దిగని పడవను పడవ అనవచ్చునా? పురానాపూల్ దగ్గర తన ఇంటిని ఆనుకుని ఉన్న గోదాము ఆవరణలో, పాత పంచె గుడ్డతో తన పడవబండి ఇనుప ఒంటిని తుడుస్తూ, అమరనాథ్ ప్రతి ఉదయంలాగే ఆ ఉదయం కూడా తనను తాను ప్రశ్నించుకున్నాడు. బండి మెరిసింది.

ఆయన అఫ్జల్‌గంజ్‌లో తాళ్ల టోకు వ్యాపారి. పదకొండేళ్ల కిందట సైన్యం వేలంలో ఈ ఎనిమిది చక్రాల బండిని కొన్నాడు. అది నేల మీద లారీలా నడుస్తుంది, నీళ్లలో పడవలా తేలుతుంది. రెండో సంగతి ఆయన అందరికీ చెప్పేదే కానీ స్వయంగా చూసింది కాదు. నీళ్లు తగిలితే తుప్పు పడుతుందనేవాడు. పరిరక్షణ అంటే వస్తువును కాపాడడమా, దాని మీద మనకున్న నమ్మకాన్ని కాపాడడమా అన్న సందేహాన్ని మాత్రం పైకి రానిచ్చేవాడు కాదు. బండి మునిగితే దానితోపాటు పదకొండేళ్ల మాట మునుగుతుంది.

ఆ రోజుకు అనుకున్న పని చిన్నది. పది నిమిషాలు ఇంజను తిప్పి, గేటు వేసుకోవడం. మెకానిక్కు బాలకిషన్ ఇంజనులో తల దూర్చి ఉన్నాడు. అమరనాథ్ భార్య విమలాదేవి ఇంట్లోదీ, గోదాము అల్మారాలోదీ ఇత్తడి సామానంతా బుట్టలోకి ఎత్తి చింతపండుతో తోముతోంది. గణేశ్ నిమజ్జనం రోజున ఇత్తడి అన్నది ఏదీ ఆమె చేతిని తప్పించుకోలేదు.

అప్పుడే బస్తీ మండపం పెద్ద కొండల్ రొప్పుతూ వచ్చాడు.

"అన్నా, మా లారీ ఆక్సిల్ ఇరిగింది. గణపయ్య రోడ్డు మీదనే కూసున్నడు. నీ బండుంది గద. గిట్ల ఎక్కిచ్చి గట్ల సీదా నీళ్లలకే తీస్కపోదాం. గణపయ్యలను నీళ్లల దించే క్రేన్ లైన్ల నిలవడే లొల్లే ఉండది."

"ఇంజన్ స్టార్ట్ అయితలేదు, కొండల్."

ఆ మాట గాలిలో ఉండగానే ఇంజను గర్జించింది. బాలకిషన్ చేతులు తుడుచుకున్నాడు. "ఎవలన్నరు సేట్? ఒక్కపారికే అందుకున్నది."

"బ్రేకులు సక్కగ లేవు."

"నిన్ననే గద కొత్తయి ఏసిన. యాదిమర్చినవా?"

దేవుడికి బండి ఇవ్వనంటే బస్తీలో తలెత్తుకోలేడు. తేలుతుందో లేదో తెలియదంటే అసలే ఎత్తుకోలేడు. పది నిమిషాల్లో ఆరడుగుల వినాయకుడు బండి ఎక్కాడు. పూల బుట్టతో విమలాదేవి పక్కన కూర్చుంది.

ఇక అమరనాథ్ ఆశంతా క్యూ మీదే. నిమజ్జనం జరిగే సాగర్ చెరువు దాకా వరుస మైళ్ల పొడవుంటుంది. ఆ లోపు ఏదో ఒక సాకు పుట్టకపోదు. కానీ పచ్చరంగు సైన్యపు బండిని చూసిన జనం, ఈసారి వినాయకులను సాగర్ నడిమధ్యకు చేర్చడానికి సర్కారే పడవ పంపిందనుకున్నారు. వాలంటీర్లు తాళ్లు పైకెత్తి దారి ఇచ్చారు. ఆ తాళ్లు అమరనాథ్ దుకాణంలోవే. తమకూ అదే పడవ అనుకుని, క్రేన్ వరుసలోని మరో పన్నెండు లారీలు వెనక చేరాయి. అరగంటలో బండి నీటి అంచున నిలిచింది.

బాలకిషన్ కిందికి దూరి, వెంటనే బయటికి వచ్చాడు. "సేట్, అడుగున రెండు బొక్కలున్నయి. ఇత్తడి బిరడాలేవి?"

బండి నేల మీద ఉన్నంతకాలం లోపల చెమ్మ నిలవకుండా ఆ రంధ్రాలు తెరిచి ఉంచాలి. నీటిలో దిగేటప్పుడు బిరడాలు బిగించాలి.

"గోదాం అల్మారాల ఉండాలె," అన్నాడు అమరనాథ్. గుండె మీది బరువు దిగిపోయింది. "ఏం జేస్తం కొండల్, వచ్చే ఏడు సూద్దాం."

క్షమాపణగా దండం పెట్టుకుందామని అమరనాథ్ బండి పైకి ఎక్కాడు. వినాయకుడి పాదాల దగ్గర రెండు చిన్న దీపాలు వెలుగుతున్నాయి. ఇత్తడి ప్రమిదలు. వాటి అంచుల చుట్టూ మరలు.

"అల్మారాల దొరికినయండి," అంది విమలాదేవి. "నల్లగ ఉండె. తోమితే మస్తు మెరిసినయ్. ఇన్నేండ్లు దీపాలకు వాడకుండ ఎందుకు దాసినరో."

ఆమెకు తెలియదు. కింద ఉన్నవాళ్లకు కనిపించవు. ఆయన ఊరుకుంటే చాలు, బండీ మాటా రెండూ భద్రం. దాచడానికీ కాపాడడానికీ తేడా ఏమిటన్న ప్రశ్న మాత్రం మళ్లీ వచ్చి, ఈసారి పక్కనే కూర్చుంది.

దీపాన్ని నోటితో ఊదకూడదు. అమరనాథ్ బుట్టలోంచి బంతిపువ్వు తీసి రెంటినీ కొండెక్కించాడు. వేడి బిరడాలను కండువాలో చుట్టి కింద ఉన్న బాలకిషన్‌కు అందించాడు.

"బిగించు."

"తేలుతదా సేట్?"

"నాకు తెల్వది," అన్నాడు అమరనాథ్, పదకొండేళ్లలో మొదటిసారి. "దిగితే తెలుస్తది."

రంధ్రాల మరలు తుప్పు పట్టి ఉన్నా, బిరడాలు దీపపు నూనెకు మెత్తగా తిరిగాయి. అమరనాథ్ బాలకిషన్ పక్కన కూర్చుని, ముందుకు పోనిమ్మన్నాడు.

ఆ రోజు సాగర్‌లో మునగవలసిన ఆయన ఒక్కడే మునిగాడు. ఒడ్డున ఇంకా పన్నెండు మంది గణపయ్యలు ఆ పడవ కోసమే వరుసలో ఉన్నారు.