తోడల్లుడి అయస్కాంతాలు

ఆదివారం పొద్దున పెద్దల్లుడి పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, తన బొమ్మ జలాంతర్గామిలో అయస్కాంతాలు అంటించాలి, ఆపైన పార్కు కొలను దగ్గర తోడల్లుడి పీచమణచాలి. కాఫీ వరకూ అంతా సవ్యంగానే జరిగింది.

పెద్దల్లుడు హైస్కూల్లో ఫిజిక్సు మాస్టారు. చిన్నల్లుడు పళ్ళ డాక్టరు. ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరైన మామగారు ఇంటి వెనక షెడ్డులో ఇనుము చెక్కే లేత్ మిషనుతో సహా వర్క్‌షాపు పెట్టుకుని, రేడియోతో నడిచే జలాంతర్గాములు చేసే పిచ్చిని అల్లుళ్ళిద్దరికీ అంటించారు. ఈమధ్య మోకాళ్ళ నొప్పులతో నిలబడలేక, "ఆదివారం కొలనులో ఎవరి బోటు నాకు నచ్చితే షెడ్డు తాళంచెవి వాళ్ళది" అని తేల్చేశారు. ఆ లేత్ మీద పెద్దల్లుడికి పెళ్ళిచూపుల నాటినుంచీ కన్నుంది. పెళ్ళికూతురిని ఆ తర్వాతే చూశాడని గిట్టనివాళ్ళంటారు.

ఈ బోట్లలో మోటార్లూ బ్యాటరీ నీళ్ళు చొరని గొట్టంలో ఉంటాయి. గొట్టంలోంచి రెండు సన్నని కడ్డీలు బయటికొస్తాయి. ఒకటి బోటును పక్కలకు తిప్పే చుక్కానిని, రెండోది పైకీ కిందికీ నడిపే రెక్కల్ని ఆడిస్తుంది. చార్జింగుకని గొట్టం తీసిన ప్రతిసారీ పెద్దల్లుడు ఆ కడ్డీల మరలు విప్పి, మళ్ళీ బిగించబోయి, ఒక మరను గడ్డిలో పారేసుకుని, మోకాళ్ళ మీద పాకుతూ వెతుక్కునేవాడు. చిన్నల్లుడు కడ్డీల కొసలకూ, బోటు తోకలో చుక్కానికీ రెక్కలకూ బుల్లి అయస్కాంతాలు జోడీలుగా పెట్టుకున్నాడు. గొట్టం అలా దించితే చాలు, కడ్డీలు వాటి జోడీలకు 'టప్'మని అతుక్కునేవి. పోయినవారం ఆ చప్పుడు వినగానే మామగారు "అబ్బ!" అన్నారు. పెళ్ళై ఇన్నేళ్ళైనా పెద్దల్లుడిని చూసి ఆయన ఒక్కసారీ అబ్బ అనలేదు. వారం రోజులుగా అతనికి భోజనం సయించడం లేదు.

జిగురు మూత తీసేసరికి ఫోను మోగింది. తోడల్లుడే.

"అన్నయ్యా, మీరూ అయస్కాంతాలు పెడుతున్నారట, వదిన చెప్పింది. ఒక్క మాట. రెండు కడ్డీలకీ ఒకేలా పెట్టకండి. చుక్కాని కడ్డీకి ఉత్తరధ్రువం బయటికుంటే, రెక్కల కడ్డీకి దక్షిణం బయటికుంచండి. లేకపోతే ఒకదాని జోడీని ఇంకోటి పట్టేసుకుంటుంది."

"సంతోషం" అని పెద్దల్లుడు ఫోను పెట్టేశాడు. పెట్టాక అసలు మాట బయటికొచ్చింది.

"అయస్కాంతాల గురించి నాకు చెప్తాడా! ఏటా పిల్లలకి ఆ పాఠం చెప్పేది నేను. పళ్ళు పీకేవాడికి ధ్రువాలతో ఏం పని? నన్ను ముంచాలని చూస్తున్నాడు."

"మంచికే చెప్పుంటాడు లెండి," అంది భార్య.

"పోటీకొచ్చేవాడికి ఎవడైనా మంచి చెప్తాడా? నేనైతే చెప్తానా?"

"మీరు చెప్పరు," అంది ఆవిడ చాలా నమ్మకంగా.

అంచేత అతను రెండు కడ్డీలకీ ఒకే ధ్రువం బయటికి పెట్టాడు. పైగా తోడల్లుడివి కందిగింజలంత ఉన్నాయి కదా అని తనవి కోటు బొత్తాలంత తెచ్చాడు. వాటికి ముందు కత్తెర అతుక్కుంది. కత్తెర పీకితే చెంచా వచ్చి వాలింది. చెంచా పీకేలోగా భార్య పిన్నుల డబ్బా మొత్తం ఎగిరొచ్చి, బోటు తోక ముళ్ళపందిలా తయారైంది. భార్య ఒక్కో పిన్నూ ఏరేసరికి, నీళ్ళ తొట్టిలో వేసి చూసుకునే వ్యవధి లేకపోయింది.

కొలను గట్టున మామగారు బల్ల మీద కూర్చున్నారు. "ఒక్కసారి ఇటు చూడండి మామగారూ!" అని పెద్దల్లుడు గొట్టం దించాడు. టప్‌మన్న చప్పుడు తోడల్లుడి బోటు చప్పుడు కంటే గట్టిగానే వచ్చింది. మామగారు తలూపారు. పెద్దల్లుడు ఆ ఊగే తలనే చూశాడు గాని కడ్డీలకేసి చూడలేదు. చుక్కాని కడ్డీ వెళ్ళి రెక్కల జోడీని, రెక్కల కడ్డీ వెళ్ళి చుక్కాని జోడీని గాఢంగా కరుచుకున్నాయి.

ఇద్దరూ బోట్లు వదిలారు. పెద్దల్లుడు రిమోటు మీట ఎడమకు తిప్పాడు. బోటు ఎడమకు పోకుండా బుడుంగుమని మునిగింది. కంగారుపడి పైకి రమ్మని లాగాడు. అది అడుగునే గిరగిరా తిరగసాగింది.

"నా రేడియోలోకి దూరావు కదూ! నీ రిమోటు ఆపెయ్!" అని తోడల్లుడి మీద విరుచుకుపడ్డాడు.

"ఆపితే నాదీ పోతుంది అన్నయ్యా! ఉండండి, మీదానికేమైందో దగ్గరికొచ్చి చూస్తాను."

"దగ్గరికి రాకు! గుద్దాలనే కదా నీ ఎత్తు!"

తప్పించుకుందామని పెద్దల్లుడు రెండు మీటలూ ఒకేసారి తోశాడు. తేటనీళ్ళలో అందరూ చూస్తుండగానే అతని బోటు వెనక్కి తిరిగి, తోడల్లుడి బోటు తోకకు తన తోక ఆనించింది. పల్చని పైతొడుగుల మీదుగానే అయస్కాంతాలు ఒకదాన్నొకటి పట్టేసుకున్నాయి. రెండూ కలిసి అడుగున కూలబడ్డాయి. లేత్ తన కళ్ళముందే తరలిపోతున్నట్టనిపించి పెద్దల్లుడికి నిజంగా ఏడుపొచ్చింది.

చిన్నల్లుడు బోటును పైకి తేల్చే ఆఖరి మీట నొక్కాడు. అతని బోటు లోపలి తొట్టిలోంచి నీళ్ళు పోయి గాలి నిండింది. బుడగలు లేచాయి. ఆ వెనకే రెండు బోట్లూ తోకలు కలుపుకుని మెల్లగా పైకి తేలాయి.

మామగారు మోకాళ్ళ సంగతి మరిచి లేచి నిలబడ్డారు. "అబ్బ! నీళ్ళ అడుగున ఒకటి ఇంకోదాన్ని పట్టుకుని పైకి తేవడం! ఇన్నేళ్ళు ఓడల్లో తిరిగినా ఇలాంటిది చూళ్ళేదు. ఎవరిదయ్యా ఈ ఆలోచన?"

"నా అయస్కాంతాలకి అంత పట్టు లేదు మామగారూ. పట్టుకున్నవి అన్నయ్యవే," అన్నాడు చిన్నల్లుడు ఉన్నమాట.

"ముందే చెప్తే మజా ఏముంటుందని..." అన్నాడు పెద్దల్లుడు వినయంగా నేలచూపులు చూస్తూ.

తాళంచెవి అతని చేతిలో పడింది. "వచ్చే ఆదివారం నా స్నేహితులందర్నీ పిలుస్తాను. మళ్ళీ ఇదే చేసి చూపించాలి," అన్నారు మామగారు. పెద్దల్లుడు తాళంచెవిని మాత్రం గబగబా జేబులో వేసుకున్నాడు.

ఆయన అటు తిరగ్గానే చిన్నల్లుడు దగ్గరికొచ్చాడు. ఎన్నడూ లేనిది అతని కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "ఆర్నెల్లుగా నేను ఇదే ప్రయత్నిస్తున్నాను. ఒక్కసారీ అతుక్కోలేదు. ఒంటరిగా కూర్చుని ఏడ్చాను కూడా. ఎలా చేశారన్నయ్యా?"

పెద్దల్లుడు అటూ ఇటూ చూశాడు. అబద్ధం ఒక్కటీ తోచలేదు. "నువ్వు పొద్దున ఫోనులో చెప్పావే, దానికి సరిగ్గా తిరగేసి చేశాను. అంతే."

"చెప్పడం ఇష్టం లేకపోతే లేదనండి, నన్ను ముంచాలని చూడకండి," అని చిన్నల్లుడు విసవిసా వెళ్ళిపోయాడు.

పెద్దల్లుడు ఆ పూట నిజం చెప్పింది ఆ ఒక్కసారే.