మా ఆవిడ పుట్టినరోజుకి నా కర్రలు

పెళ్ళాం పుట్టినరోజుకి మొగుడు తనకి కావలసిన వస్తువు కొనడం లోకంలో కొత్తేమీ కాదు. మా స్ట్రూవన్ వాళ్ళావిడకి చేపలు పట్టే గాలం కొన్నాడు. లాక్లన్ వాళ్ళావిడకి దుర్భిణి కొన్నాడు. నేను ఇష్‌బెల్‌కి గోల్ఫ్ కర్రలు కొన్నాను. తేడా ఏమిటంటే, వాళ్ళిద్దరూ తరవాత వాటిని హాయిగా వాడుకున్నారు.

అసలు కథ మా శనివారాలతో మొదలవుతుంది. ముప్ఫై నాలుగేళ్ళుగా ప్రతి శనివారం ఉదయం ఎనిమిదింటికి పిట్‌కార్డీ మైదానంలో ఆట మొదలుపెట్టే మొదటి గట్టు మీద మేం నలుగురం నిలబడతాం. స్ట్రూవన్ మాంసం కొట్టు నడిపి రిటైరయ్యాడు. అలవాటు పోక బంతిని కూడా అలాగే కొడతాడు. లాక్లన్ లెక్కల మాస్టారు, జేబులో రూల్సు పుస్తకం లేకుండా బయటికి రాడు. గ్రెగర్ ఊళ్ళో ఉత్తరాలు పంచినవాడు. ఇతరుల మాటలు మోసీ మోసీ విసుగెత్తిందేమో, తన మాట ఏడాదికి ఒకటి కంటే ఎక్కువ బయటపెట్టడు. నాలుగోవాణ్ణి నేను, డూగల్‌ని.

ఆటలో చివరిదైన పద్దెనిమిదో గుంట ముందు ఒక వాగుంది. మొదటి దెబ్బకే బంతి ఆ వాగు దాటాలి. దాటకపోతే గులాబీ రంగు ఉన్ని టోపీ, పైన కుచ్చుతో సహా, వారం రోజులు పెట్టుకు తిరగాలి. బ్రెడ్డుకి వెళ్ళినా, చర్చికి వెళ్ళినా, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినా అదే టోపీ. మొదటి ఏడాది మేమే సరదా పడి ఇష్‌బెల్ చేత అల్లించాం. అది స్ట్రూవన్‌కి బిగుతు, లాక్లన్‌కి ముక్కు మీదికి జారుతుంది, గ్రెగర్‌కి ఈ రెండేళ్ళలో పెట్టే అవసరమే రాలేదు. నా తలకి మాత్రం చక్కగా అమరుతుంది.

ఒకే ఏడాది మూడుసార్లు టోపీ పడితే ఆ మనిషి శనివారం వదిలేసి మంగళవారానికి మారిపోవాలి. ఇది మేం నలుగురం పెట్టుకున్న కట్టుబాటు.

మంగళవారం ఆడేవాళ్ళెవరంటే, మోకాళ్ళు మార్పించుకున్నవాళ్ళు, కొత్తగా నేర్చుకునేవాళ్ళు, వాళ్ళ భార్యలు, వీళ్ళ భర్తలు. గుంటకి దగ్గరగా ఉండే ముందు గట్ల మీంచి కొడతారు. ఆరు గుంటలయ్యాక కూర్చుని స్కోన్లనే తియ్యటి బన్నులు తింటారు. అక్కడికి వెళ్ళినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. ఆ ఏమీ అనకపోవడమే నేను భరించలేను.

మే నెల వచ్చేసరికి నాకు రెండు టోపీలు పడ్డాయి.

నెమ్మదిగా క్లబ్బులో కర్రలమ్మే మన్రో దగ్గరికి వెళ్ళాను. ఆట నేర్పేవాడూ అతనే. నా చేత ఒక యంత్రం ముందు నాలుగు దెబ్బలు కొట్టించి, తెర మీద అంకె చూశాడు.

"డెబ్భై రెండు."

"నా వయసుతో నీకేం పనయ్యా?"

"వయసు కాదండీ, మీ ఊపు. గంటకి డెబ్భై రెండు మైళ్ళు."

"మరి మంచిదేగా. మా కారు అంత పోదు."

"కారుకైతే మంచిదే డూగల్ గారూ. మీరు ఇనుప కర్రలతో ఆడుతున్నారు. వాటిని ఎత్తడానికే సగం సత్తువ అయిపోతోంది, ఇంక బంతికి ఏం మిగులుతుంది? ఇది పట్టుకోండి."

ఇచ్చాడు. చేతిలో ఏమీ ఉన్నట్టే లేదు. ఖాళీ చేతులు ఊపుతున్నానేమోనని ఒకసారి కిందికి చూసుకున్నాను కూడా. ఊపు నెమ్మదిగా ఉన్నవాళ్ళ కోసమే చేసిన తేలిక కర్రట. నేను సగంలో ఉండగా అదే కాస్త వంగి, తిరిగి చాచుకుని బంతిని తన్నింది. బంతి వెళ్ళి గొర్రెల కంచె దాటి పడింది. బంతి అలా సరిగ్గా తగిలిన చప్పుడు విని పదేళ్ళయింది. నిజం చెప్పొద్దూ, నా కళ్ళు చెమర్చాయి.

అయితే ఒక చిక్కుంది. మా నలుగురిలో ఎవరు కొత్త కర్ర తెచ్చినా అది అందరి చేతుల్లోకీ వెళ్ళాలి. తలో ఊపు ఊపి, తలో మాట అనాలి. ఈ కర్రల మీద 'సీనియర్' అని స్పష్టంగా రాసుంది. స్ట్రూవన్ దాన్ని చర్చి దాకా వినిపించేలా చదువుతాడు.

అప్పుడు తట్టింది నాకా ఉపాయం. ఇష్‌బెల్ పుట్టినరోజు వచ్చే వారమే. ఆమె జన్మలో గోల్ఫ్ కర్ర ముట్టలేదు. ఆమెకని కొంటాను. నాకెందుకివి అని ఆమె గరాజులో పడేస్తుంది. వృథాగా పోతున్నాయే అని నేను జాలిపడతాను. ఇక స్నేహితుల దగ్గర నేను ముసలివాణ్ణి కాను, పెళ్ళాం వస్తువు పాడవకుండా చూసుకునే మంచి మొగుణ్ణి.

ఇష్‌బెల్ గురించి చెప్పాలి. ఐదడుగుల మనిషి. ముప్ఫై ఏళ్ళు ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ నర్సుగా తిరిగింది. ఎవరికి ఎక్కడ నొప్పో వాళ్ళు నోరు విప్పకముందే కనిపెట్టేస్తుంది. అలాంటి మనిషిని మోసం చెయ్యొచ్చని నాకెలా అనిపించిందో ఇప్పటికీ తెలియదు.

పుట్టినరోజు ఉదయం గంజి తాగుతూ బహుమతికి చుట్టిన కాగితం విప్పింది. టమాటాలు పెంచుకునే గాజు గది కావాలని, ఆ బొమ్మ ఉన్న పుస్తకం నెల రోజులుగా నా కుర్చీ ముందు తెరిచిపెట్టి ఉంచిందన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"ఏమండీ, ఇవేమిటి?"

"గోల్ఫ్ కర్రలు. నీకే."

"నాకే?"

"నీకు కాక ఇంకెవరికి?"

"అదే నేనూ అనుకుంటున్నాను." పెద్ద కర్ర ఒకటి తీసి పక్కన నిలబెట్టుకుంది. "కాస్త పొడుగ్గా లేవూ?"

"ఇప్పుడు అందరూ పొడుగువే వాడుతున్నారు."

"ఐదడుగుల వాళ్ళు కూడానా?"

"వాళ్ళే ఎక్కువ."

ఒకసారి ఊపింది. వాళ్ళమ్మ ఇచ్చిన దీపం గాజు పగిలింది. ఇక తెచ్చి నా చేతిలో పెడుతుందని చెయ్యి చాచాను కూడా.

"భలే ఉన్నాయండీ," అంది. "మంగళవారం నుంచి నేర్చుకుంటాను."

చాచిన చేత్తో దీపం గాజు పెంకులు ఏరాను.

అన్నంత పనీ చేసింది. బ్యాగు తీసుకుని మన్రో దగ్గరికి ఒకసారి కాదు, వారానికి మూడుసార్లు వెళ్ళేది. నేను ఇంట్లో నా ఇనుప కర్రలు తుడుచుకుంటూ కూర్చునేవాణ్ణి.

"ఇష్‌బెల్, నీకు నడుం నొప్పి రావడం లేదూ?"

"లేదండీ. మీకొస్తోందా?"

"ఆ మైదానంలో ఎండ ఎక్కువ."

"పిట్‌కార్డీలోనా?" అని కిటికీ వైపు చూసింది. బయట నాలుగు రోజులుగా వాన పడుతోంది.

జూన్‌లో ఒక శుక్రవారం సాయంత్రం సూపు వడ్డిస్తూ, "రేపు ఏడింటి రైలుకి పెర్త్‌లో మా చెల్లెలి దగ్గరికి వెళ్తున్నాను," అంది. "నా కర్రల బ్యాగు గరాజులో ఉంది. వాన ముసుగు జిప్పు కొత్తది, ఊరికే లాగకండి."

"నీ బ్యాగుతో నాకేం పని?" అన్నాను, సూపు గొంతుకి అడ్డం పడుతుండగా.

మర్నాడు రైలు కూత వినపడగానే ఆ బ్యాగు భుజాన వేసుకుని బయల్దేరాను. జిప్పు లాగితే మళ్ళీ సరిగ్గా పెట్టగలనో లేదోనని లోపలికి చూడలేదు. స్నేహితులకి చెప్పాల్సిన మాట మాత్రం అద్దం ముందు మూడుసార్లు చెప్పుకున్నాను.

"మా ఇష్‌బెల్ ముచ్చటపడిందిరా," అన్నాను గట్టు మీద. "ఒక్కసారి ఆడి ఎలా ఉన్నాయో చెప్పండి అని ఒకటే గొడవ. ఆడదాని మాట కాదనలేక తెచ్చాను."

ముసుగు జిప్పు లాగాను. కర్రల పిడులన్నీ లేత ఊదా రంగులో ఉన్నాయి.  అన్నిటికంటే పొడుగు కర్ర తీశాను. తీస్తూనే అది అయిపోయింది. నేను ఆరడుగుల పైన ఇంకో అంగుళం ఉంటాను. ఆ కర్ర నా తొడ దగ్గరే ఆగిపోయింది.

 గ్రెగర్ సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఒరేయ్ డూగల్, అది కర్రా, సూపు గరిటా?" అన్నాడు స్ట్రూవన్.

"ఇంటికెళ్ళి నావి తెచ్చుకుంటానురా."

లాక్లన్ జేబులోంచి పుస్తకం తీశాడు. "గట్టు మీద దించిన బ్యాగుతోనే ఆట. ఎనభై తొమ్మిదిలో నువ్వే రాయించావు."

పద్దెనిమిది గుంటలూ నడుం వంచే ఆడాను. ఆ రోజు నేను చూసిన సముద్రమంతా నా కాళ్ళ మధ్యలోంచే. పదో గుంట దగ్గర ఒక కుక్క నన్ను సాటి జంతువనుకుని పలకరించి వెళ్ళింది. వాగు దగ్గరికి వచ్చేసరికి నిటారుగా నిలబడటం ఎలాగో కూడా మర్చిపోయాను. బంతి రెండు గంతులేసి, వాగు ఒడ్డున ఒక్క క్షణం ఆగి, నీళ్ళలోకి జారింది.

స్ట్రూవన్ టోపీ తెచ్చి నా తల మీద పెట్టాడు. వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నా భుజం తట్టి, "మంగళవారాల్లో గాలి తక్కువరా, ఆట బాగుంటుంది," అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనయింది. ముప్ఫై నాలుగేళ్ళలో వాడు నాతో మర్యాదగా మాట్లాడటం అదే మొదటిసారి.

సాయంత్రం ఇష్‌బెల్ వచ్చేటప్పటికి నేను వంటింట్లో నేల మీద బోర్లా పడుకుని ఉన్నాను.  చేతులు కడుక్కుని వచ్చి నా నడుముకి మందు రాసింది.

"టోపీ తీసేయమంటారా, ఉంచమంటారా?"

"ఉంచు. వారం ఉండాలి." కాసేపటికి అడిగాను, "గరాజులో నా ఇనుప కర్రలు లేవేం?"

"మన్రోకి ఇచ్చేశాను."

"ఇచ్చేశావా? ఎందుకు?"

"మంగళవారం చెప్తాను. కదలకండి."

మంగళవారం తొమ్మిదింటికి టోపీ పెట్టుకుని మైదానానికి వెళ్ళాను. తలెత్తకుండా వెళ్ళి, తలెత్తకుండా ఆడి, తలెత్తకుండా వచ్చేద్దామనుకున్నాను. గట్టు మీద ఇష్‌బెల్ ఉంది. పక్కన గ్రెగర్ ఉన్నాడు. శనివారం గ్రెగర్. అతని చేతిలో తేలిక కర్ర. దాని మీద సగం ఊడిన నల్ల టేపు కింద 'సీనియర్' అని కనిపిస్తోంది.

"నువ్వా?" అన్నాను.

"రెండేళ్ళయింది," అన్నాడు గ్రెగర్. దాంతో అతని ఆ ఏటి మాట అయిపోయింది.

ఇష్‌బెల్ ఒక పొడుగు బ్యాగు నా ముందు పెట్టింది. తెరిచి చూస్తే, పుట్టినరోజుకి నేను కొన్న కర్రలే. అంగుళం కూడా తగ్గలేదు.

"ఇవి ఇక్కడెలా?"

"మర్నాడే మన్రోకి అప్పజెప్పాను, మీకోసం దాచమని. నాకు సరిపోయే పొట్టివి అప్పుగా తీసుకుని, మొన్న శుక్రవారం మీ ఇనుప కర్రలు ఇచ్చి బాకీ తీర్చాను." చేతిసంచీలోంచి ఒక చీటీ తీసింది. "బ్యాగు జేబులో దొరికింది. ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం. ఊపు డెబ్భై రెండు. నాకు కొన్న కర్రల్లో మీ కొలతలు ఎందుకున్నాయండీ?"

నేను టోపీ కుచ్చు సర్దుకున్నాను.

"అన్నీ తెలిసి శనివారం నన్నెలా పోనిచ్చావు?"

"నేనెక్కడ పోనిచ్చాను? మీరే దొంగతనంగా పోయారు. నేను రైలెక్కానంతే." తన బంతి పెట్టుకుంటూ అంది, "ముప్ఫై నాలుగేళ్ళు శనివారం ఉదయాలు నేనూ టీ కెటిలూ కూర్చున్నాం. మీకు మూడో టోపీ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూశాను."

నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ కెటిల్‌ని నేను ఎన్నడూ గుర్తు చేసుకోలేదని అప్పుడు తెలిసింది. ఆరో గుంట దగ్గర ఇద్దరం బెంచీ మీద కూర్చుని స్కోన్లు తిన్నాం. చాలా బాగున్నాయి. ఈ ముక్క స్ట్రూవన్‌కి చెప్పకండి.

పద్దెనిమిదో గుంట దగ్గర నేను ముందు గట్టు మీంచి కొట్టనన్నాను. వెనక గట్టుకే వెళ్ళాను. కర్ర ఎత్తాను, దించాను, మిగతాది అదే చూసుకుంది. బంతి వాగు మీంచి పోయి అవతల ముప్ఫై గజాల దూరాన పడింది. నేను గట్టు మీదే ఒక గంతు వేశాను. నడుం పట్టేసింది. అయినా ఇంకో గంతు వేశాను.

ఇష్‌బెల్ బంతి వాగుని ఒక్క జానెడు తేడాతో దాటింది. తరవాత నేను నాలుగు దెబ్బల్లో గుంటలో వేస్తే ఆమె మూడింట్లో వేసింది. మొత్తం మీద ఒక్క దెబ్బ తేడాతో నన్ను ఓడించింది. పెళ్ళాం చేతిలో ఓడినవాడు ఇంకో వారం టోపీ పెట్టుకోవాలన్నది మంగళవారం వాళ్ళ కట్టుబాటట. అలాంటిది ఒకటుందని మన్రోకి కూడా ఆ రోజే తెలిసింది.

"పోనీలే, అలవాటైపోయింది," అన్నాను ఇంటికి నడుస్తూ. "చిత్రమేమిటంటే ఇష్‌బెల్, ఈ టోపీ స్ట్రూవన్‌కి పట్టదు, లాక్లన్‌కి నిలవదు. నా తలకి మాత్రం చెప్పి చేయించినట్టు ఉంటుంది."

"ఉండదూ మరి?" అని టోపీ నా చెవుల మీదికి లాగింది. "ముప్ఫై నాలుగేళ్ళ క్రితం అల్లేటప్పుడు మీ తల కొలతే తీసుకున్నాను."