స్వేచ్ఛా ద్వారం వేళలు

ఒక పెద్ద అడవిలో ఆరు కాలేజీలుండేవి. అయిదింటిలో సాయంత్రం ఆరు కాగానే ఆడపిల్లల్ని హాస్టల్ బొరియల్లోకి తోలి గేటు మూసేసేవారు.

సూదిమాల అనే ముళ్లపంది పిల్లకు ఇది తిండికి సంబంధించిన సంగతి. ముళ్లపందులు మేతకు బయల్దేరేదే పొద్దుగూకాక.

"ఆరో కాలేజీలో చేరు," అంది తల్లి. "అక్కడంతా అభ్యుదయమట. పులినైనా నిలదీస్తారట."

ఆ కాలేజీ ప్రిన్సిపాల్ జంబుకయ్య అనే నక్క. సూదిమాలను చూడగానే కుర్చీలోంచి లేచాడు.

"మా దగ్గర అందరూ సమానమే అమ్మాయ్. నన్ను సార్ అనక్కర్లేదు."

"సరే జంబుకయ్యా."

ఆయన మొహం కాస్త ముడుచుకుంది. "అలవాటయ్యేదాకా సార్ అనే పిలువు."

రోజూ మధ్యాహ్నం అక్కడ ఖండన సభ జరిగేది. విద్యార్థి నాయకురాలు రంగనాయకి అనే ఊసరవెల్లి బండరాయెక్కి అరిచేది, "పక్క అడవి సింహం నిరంకుశత్వాన్ని ఖండిస్తున్నామా?"

"ఖండిస్తున్నాం!" అని అందరూ తోకలెత్తేవారు.

మొదటిరోజు సూదిమాల కూడా ఉత్సాహంగా తోకెత్తింది. సాయంత్రం ఆరింటికి ఇక్కడా గేటు మూతపడింది. గేటు మీద 'స్వేచ్ఛా ద్వారం' అని రాసుంది.

నాలుగోరోజు, ఆకలితో కళ్లు తిరుగుతుంటే సభలో లేచింది. "అక్కా, ఈ గేటును కూడా ఖండిద్దామా?"

ఎర్రగా ఉన్న రంగనాయకి బూడిదరంగులోకి మారింది. "సమయం, సందర్భం ఉండాలి చెల్లీ. ముందు తిమింగలాల దురాక్రమణ సంగతి తేలనీ."

"అదెప్పుడు తేలుతుంది?"

"సముద్రం ఎక్కడుందో కనుక్కోవద్దూ!"

సభ ఐక్యతను దెబ్బతీసినందుకు సూదిమాలను నెలరోజులు సభకు రానివ్వలేదు. పగటిపూట దొరికే ఎండుగడ్డి నములుతూ బొరియలో కూర్చుంది.

ఇంతలో కాలేజీకి గ్రేడు ఇవ్వడానికి అడవి మండలి నుంచి ఏనుగు మేడమ్ వస్తున్నట్టు కబురొచ్చింది. తనిఖీ పత్రంలో ఒక గడి ఉంది: 'భిన్నాభిప్రాయం కలదా? నమూనా చూపవలెను.'

కాలేజీ మొత్తం గాలించినా ఒకే ఒక్క నమూనా దొరికింది. జంబుకయ్య పరుగున సూదిమాల బొరియ దగ్గరికొచ్చాడు.

"తల్లీ, రేపు మేడమ్ ముందు నాకు గట్టిగా ఎదురు చెప్పాలి."

"గేటు గురించి చెప్పనా సార్?"

"ఛ, అదొక్కటి తప్ప! లైబ్రరీలో చెదలున్నాయని చెప్పు. నేను చిరునవ్వుతో వింటాను."

"మరి గేటు తీస్తారా?"

"కమిటీ వేస్తాను."

సూదిమాలకు అర్థమైంది.

మర్నాడు ఏనుగు మేడమ్ ముందు జంబుకయ్య చిరునవ్వు సిద్ధం చేసుకుని, "చెప్పమ్మా, మొహమాటపడకు," అన్నాడు.

"సార్ ఏం చేసినా మంచికే మేడమ్," అంది సూదిమాల వినయంగా. "ఆరింటికి మమ్మల్ని లోపలేసి గేటు మూయడం నాకైతే మరీ నచ్చింది. ఆకలి కూడా అలవాటైపోయింది."

జంబుకయ్య మొహాన చిరునవ్వు అలాగే ఉండిపోయింది. దాన్ని తీసేయాలన్న సంగతి ఆయనకు తోచలేదు.

"గేటు మూస్తారా?" అంది మేడమ్ తొండం ఎత్తి. మిగతా విద్యార్థుల వైపు తిరిగింది. "మీరంతా ఏమంటారు?"

"సార్ ఏమంటే అదే!" అని అందరూ తోకలెత్తారు.

గ్రేడు రాలేదు. సూదిమాలకు మాత్రం టీసీ వచ్చింది. కారణం అన్న చోట జంబుకయ్య స్వయంగా రాశాడు: 'మితిమీరిన విధేయత.'

నీతి: స్వేచ్ఛనిచ్చే కాలేజీలో సీటు నిలవాలంటే, పైవాళ్లు తిరగబడమన్నప్పుడు మాత్రమే తిరగబడాలి.