బరువు లేని కానుక

అలిగి వచ్చిన మనవరాలు ఈశ్వరిని ఇవాళ పదిగంటల బస్సుకు మొగుడితో పంపించేయాలని దాలమ్మ తెల్లవారుతూనే తీర్మానించుకుంది. సముద్రం మీద చేపల వేటకెళ్లిన తన మొగుడు తిరిగి రాలేదు. ఆనాటి నుంచి ఎవరు విడిపోతారన్నా ఆమెకు గుండె దడే.

ఈశ్వరి మొగుడు ధనరాజు రానే వచ్చాడు. "మామ్మా, ఇది ఈశ్వరికి. కాళ్లు కడుక్కుని వస్తాను" అని మెరుపు కాగితం చుట్టి రిబ్బను కట్టిన పెట్టెను అరుగు మీద పెట్టి పెరట్లోకి పోయాడు.

దాలమ్మ ఎత్తి చూసింది. దూదిపింజెలా ఉంది! ఊపి చూసింది; లోపల ఏమీ లేదు. కూడబలుక్కుని తనంతట తానే చదువు నేర్చిన మనిషి. పొట్లం కాగితమైనా చదవందే పారేయదు. బెల్లం చుట్టిన కాగితంలో మొన్ననే చదివింది. ఒక రకం మగ సాలీడు ఈగను పట్టుదారంతో చుట్టి ఆడదానికి కానుకిస్తుందట. కొన్ని గడుసువి వట్టి పొట్టునే చుట్టి ఇస్తాయట. మోసం తెలియగానే ఆడది వెళ్లిపోతుందట.

"లకుముకి పిట్టయినా నోట సేప కరుసుకుని వస్తాది. ఈడికి ఆపాటి గ్యానం నేదు!" అని గొణుక్కుంటూ, మధ్యాహ్నం కూరకని ఉంచిన చందువ చేపను ఆకులో చుట్టి పెట్టెలో దూర్చింది. నీచు వాసన కొట్టింది. పైన పౌడరు గుమ్మరించింది. ఇంటి పిల్లికి పౌడరుతో పట్టింపు లేదు. రిబ్బను నోట కరుచుకుని పెట్టెను వీధిలోకి ఈడ్చింది.

"ఓలమ్మో, పిల్లి!" అని దాలమ్మ అరిచింది.

పెరట్లోంచి ధనరాజు దాని వెంట పడ్డాడు. అప్పుడే బయటికొచ్చిన ఈశ్వరికి అతని వీపే కనిపించింది.

"సూసినావా మామ్మా! నన్ను సూడగానే పారిపోతన్నాడు! ఆ పౌడరు వాసనేటి? ఎవుతి కోసం కొట్టుకొచ్చినాడు?"

ఆమె తలుపు వేయబోయింది. దాలమ్మ గుమ్మానికి అడ్డం పడింది. "ఓలే, గడియెట్టకే! గడియెడితే మనిషి మరి రాడే!"

ధనరాజు పెట్టెతో రొప్పుతూ తిరిగొచ్చాడు. పెట్టెకు బరువెలా వచ్చిందో అతనికి అంతుపట్టలేదు. ఈశ్వరి లాక్కుని విప్పింది. అతను కళ్లు మూసుకున్నాడు.

"సందువ!" ఈశ్వరి గొంతు మారిపోయింది. "పడవొదిలి ఎయిర్‌పోర్టు పనిలో సేరినాక ఒక్క సేపైనా తెచ్చినావేటి బావా? నాకిష్టమని మర్సిపోనావనుకున్నాను."

ధనరాజు నోరు తెరిచాడు. దాలమ్మ గబగబా ఈశ్వరి సంచి తెచ్చి అతని చేతికిచ్చింది.

బస్సుకు బయల్దేరుతూ అతను వెనకబడి దాలమ్మ చెవిలో అన్నాడు: "మామ్మా, షాపులింకా తెరవనేదు. కాలీ పెట్టె తెచ్చినాను. అది విప్పీలోగా బతిమాలుకుందునని. సేప ఎలగొచ్చినాదే?"

"నోరు మూసుకుని బస్సెక్కరా, సాలీడా."

బస్సు కదిలింది. బస్సు వెళ్లిపోతుంటే దాలమ్మ ఊపిరి పీల్చుకోవడం ఇదే మొదటిసారి.

ఆ మధ్యాహ్నం ఆమె చారన్నం తిన్నది. పిల్లికీ అదే పెట్టింది.