కాంతి లోపలికి రాకూడదు

పొద్దున్నే ల్యాబుని చీకటి చేయాలి, పదకొండింటికి ప్రయోగం చూపించాలి, భోజనాల వేళకి ఉద్యోగం నిలబడాలి. తన్మయి వేసుకున్న పథకం ఇంతే.

రాజాంలోని ఒక ప్రైవేటు కాలేజీలో సైంటిస్టుగా ఆమె చేరి ఎంతో కాలం కాలేదు. గాజు పళ్ళెంలో పెంచుతున్న మెదడు కణాల్లో కాంతిని పసిగట్టే ప్రోటీన్ ఒకటి చేర్చింది. నీలి కాంతి తగిలితే కణాలు సంకేతాలు పంపుతాయి, కంప్యూటర్ తెర మీద గీత ఎగిరిపడుతుంది. కాంతి ఆపితే గీత పడుకుంటుంది. కానీ ముందుగానే కాంతి తగిలిందా, అవి అలిసిపోయి ఇక ఉలకవు, పలకవు.

ఈ రోజు అవి పలకకపోతే తన్మయి పని అయిపోయినట్టే. కాలేజీ కరస్పాండెంట్ ధనరాజ్ గారి భార్య ఆ గదిలో కుట్టు శిక్షణ కేంద్రం పెట్టాలని పట్టుబట్టింది. మిషన్లు అప్పుడే వరండాలోకి వచ్చేశాయి కూడా. నిధులిచ్చే సంస్థ నుంచి వస్తున్న జగదీశ్వరి గారు ప్రయోగాన్ని మెచ్చుకుంటే గది తన్మయిది. లేకపోతే మిషన్లది.

ఇంట్లో అయితే తన్మయి కూడా కాంతిని వెలుతురనే అంటుంది. ల్యాబులో అడుగుపెట్టగానే పుస్తకం మాట దానంతటదే నోట్లోకి వచ్చేస్తుంది.

“కూర్మయ్యా, కాంతి లోపలికి రాకూడదు. తెలిసిందా?” అంది అటెండర్‌తో.

“అసలికే రాకూడదా అమ్మా?”

“రవ్వంత వచ్చినా నా కణాలు చచ్చిపోతాయి.”

“మరి దనరాజు బాబు ఒస్తే ఏటి సేయాల?”

“ఆయన రావొచ్చు. కాంతి మాత్రం రాకూడదు.”

కరస్పాండెంట్ గారి భార్య పేరు కాంతి అని ఆ కాలేజీలో అందరికీ తెలుసు, తన్మయికి తప్ప. ఆమెకు తెలిసిందల్లా ‘మేడమ్ గారు’ అనే. కూర్మయ్యకి ముచ్చెమటలు పోశాయి. అయినా చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి కనుక స్టూలు గుమ్మానికి అడ్డంగా లాక్కుని కూర్చున్నాడు.

జగదీశ్వరి గారు అనుకున్న వేళకంటే ముందే వచ్చారు. వరండా తలుపులన్నీ మూయించి, గుమ్మానికి కట్టిన నల్ల తెర పక్కకు తప్పించి, తన్మయి ఆవిణ్ణి జాగ్రత్తగా లోపలికి తీసుకెళ్ళింది. ఎర్ర బల్బు మసక వెలుగులో ఇద్దరూ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. తన్మయి వేలు నీలి కాంతి మీట మీదికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే బయట గొంతులు లేచాయి.

“తప్పుకో కూర్మయ్యా.”

“బాబు ఎల్లొచ్చమ్మా. తమరే రాకూడదు.”

“ఏటీ? ఎవులన్నారు?”

“తన్మయమ్మగారు. తమరు రవ్వంత ఒచ్చినా లోపలున్నవన్నీ సచ్చిపోతాయట.”

లోపలికి మాటలు తెలియలేదు, కేకలే వినిపించాయి. ఎవరో వరండా తలుపు తీసేశారనుకుని తన్మయి మీట మీంచి వేలు తీసేసింది.

“కూర్మయ్యా! కాంతి వస్తోందా?”

“ఒచ్చీసినాదమ్మా!”

“ఆపు! నల్లగుడ్డ ఇచ్చాను కదా, కుక్కెయ్!”

“గుడ్డ... నోట్లోనా అమ్మా?”

“సందు ఎక్కడుంటే అక్కడ! గట్టిగా కుక్కు!”

“సూసినావా మావా! నా నోట్లో గుడ్డ కుక్కమంటన్నాది నీ సైంటిస్టు!”

“కాంతీ, ఆగే! లోపల పెద్దోళ్ళున్నారు!”

ఆ పేరు మాత్రం తలుపు దాటి స్పష్టంగా వచ్చింది. కాంతీ! పొద్దుట్నుంచి తానన్న మాటలన్నీ తన్మయి చెవుల్లో మళ్ళీ మోగాయి. ప్రతిదీ అంతకు ముందుదాని కంటే ఘోరంగా ఉంది.

స్టూలు దబ్బున పడింది. తలుపు తెరుచుకుంది. తెర రింగులతో సహా ఊడి వచ్చింది. గదినిండా ఎండ పరుచుకుంది. తెగిన తెర భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది కాంతి.

తన్మయి కళ్ళు మూసుకుంది. కణాలు పోయాయి, గది పోయింది, ఉద్యోగం పోయింది.

“అరె!” అన్నారు జగదీశ్వరి గారు, కంప్యూటర్ మీద గంతులేస్తున్న గీతను చూస్తూ. “ఆ తలుపు ఒకసారి మూయండమ్మా.”

కాంతి అయోమయంగా మూసింది. ఎగిరిపడుతున్న గీత చల్లగా పడుకుంది.

“ఇప్పుడు తీయండి.”

గీత మళ్ళీ లేచి గంతులేసింది. “ఇంత సూటిగా ప్రయోగం చూపించినవాళ్ళు లేరు,” అన్నారు ఆవిడ.

కాంతి ముఖంలో కోపం నెమ్మదిగా రంగు మారింది. “నేనొస్తే లెగుస్తన్నాయేటి ఇవి?”

“కాంతి వస్తే లేస్తాయండి,” అంది తన్మయి. ఆ రోజు ఆమె ఆడిన మొదటి తెలివైన మాట అదే.

“సూడు మావా! సచ్చిపోతాయన్నాడు నీ కూర్మయ్య. నన్ను సూసి గెంతుతన్నాయి!”

నిధులొచ్చాయి. మిషన్లు క్యాంటీన్ పక్క గదికి తరలిపోయాయి. ఒక్కటే చిక్కు మిగిలింది. పాతపట్నం నుంచి పిన్ని వచ్చినా, ఆమదాలవలసలో వదిన రైలు దిగినా, కాంతి నేరుగా ల్యాబుకే తీసుకొచ్చి తలుపు బార్లా తీస్తోంది. “నేనొస్తే ఎలగ గెంతుతాయో సూడొదినా!” కొన్నాళ్ళకే ఆ కణాలు అలిసిపోయి శాశ్వతంగా పడుకున్నాయి.

తన్మయి కొత్త పళ్ళెం సిద్ధం చేసింది. కొత్త తెర కట్టింది. కూర్మయ్యని పిలిచింది.

“కాంతి లోపలికి రాకూడదు.”

ఈసారి కూర్మయ్య తొందరపడలేదు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. “ఏ కాంతి అమ్మా?”

“రెండూ,” అంది తన్మయి.