ఓ పాజిటివ్ వారికి స్టూలు లేదు

కరోనా రెండో అల తగ్గుముఖం పట్టిన ఆ వర్షాకాలంలో, సూరత్ పక్కన పల్సానాలో ఒక మరమగ్గాల మిల్లు యాజమాన్యం కార్మికుల ఆరోగ్యం గురించి తీవ్రంగా ఆలోచించింది. ఫలితంగా గేటు దగ్గర గుజరాతీలో ఒక సర్క్యులర్ వెలిసింది. ఇకపై షెడ్డులో కూర్చునే హక్కు రక్తం గ్రూపును బట్టి లభించును.

మేనేజరు పార్థసారథి గారు లాక్‌డౌన్ నెలల్లో ఫోనులోనే వైద్యశాస్త్రం పూర్తిచేసిన మేధావి. గుండె దెబ్బకీ దెబ్బకీ మధ్య వ్యవధి కాస్త మారుతూ ఉండాలట. ఎంత మారితే మనిషి అంత గట్టివాడట. ‘ఓ’ గ్రూపు వాళ్లకి ఆ వరం పుట్టుకతోనే వస్తుందట. ఇదంతా చెప్పిన ఫోను మెసేజీ కింద ముగ్గురు డాక్టర్ల పేర్లున్నాయి, ఊళ్లు లేవు. కాబట్టి మిగతా గ్రూపులకి గంటకి పది నిమిషాలు స్టూలు, ఓ వాళ్లకి నిలువుకాళ్ల ఉద్యోగం. కులమతాలు చూడని ఇంతటి సమానత్వం ఆ చుట్టుపక్కల మరే మిల్లులోనూ లేదు.

రాజలింగం ఓ పాజిటివ్. పాపం, ఆయన చేసుకున్నదేమీ లేదు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఇరవై ఆరేళ్లుగా మగ్గాలు, అంటే వాళ్ల మాటలో సాంచాలు, నడుపుతున్నాడు. కరోనా వచ్చిపోయాక తన ఎనిమిది సాంచాల చుట్టూ రెండుసార్లు తిరిగితే చాలు, ఆయాసం, మోకాళ్లలో వణుకు. ఆయనకి కావలసిందల్లా ఆ స్టూలే.

"గ్రూపు మార్పిచ్చుకోరాదయ్యా," అంది భార్య బాలవ్వ. "రేషన్ కార్డుల నా పేరు మార్చిన్లు గద!" ల్యాబులో అడిగితే నవ్వి పంపారు.

ఇంకో దారి ఉందని తోటివాళ్లు చెప్పారు. గుండె దెబ్బలు కొలిచే మేనేజరు గారి చేతిగడియారం పెట్టి చూస్తారు, గుండె బలహీనమని తేలితే ఓ వాళ్లకీ స్టూలు ఇస్తారు. మేనేజరు గారి మెసేజీలో ఏముందో తెలియని రాజలింగం ఆలోచించాడు. సాంచా ఎప్పుడు చెడినట్టు? దెబ్బ తప్పినప్పుడు. దెబ్బదెబ్బకీ ఒకే తీరు లేకపోతే గుడ్డ పాడు. గుండె మాత్రం వేరా? లయ తప్పిస్తే జబ్బని తేలి తీరాలి!

నాలుగు రోజులు సాధన చేశాడు. నిదానంగా, పొడుగ్గా ఊపిరి పీల్చడం, అంతకన్నా నిదానంగా వదలడం. నాడి పట్టుకుని చూసిన బాలవ్వ మురిసిపోయింది. "ఒకపారి ఉరుకుతది, ఒకపారి నడుస్తది. మస్తు ఖరాబైందయ్యా!"

పరీక్షలో అలాగే ఊపిరి తీశాడు. గడియారంలో వ్యవధి మార్పు చూపే అంకె ఎగబాకింది. పార్థసారథి గారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. మర్నాడే సభ, శాలువా.

"మిత్రులారా! ఈ మిల్లులోకెల్లా ఘనమైన గుండె మన రాజలింగానిది. ఇలాంటి గుండెకి ఎనిమిది సాంచాలిచ్చి ఇన్నాళ్లూ అవమానించాం. రేపటి నుంచి పన్నెండు!"

చప్పట్లు మోగాయి. శాలువాలో రాజలింగానికి ఏడుపొచ్చింది. "సారూ, గుండె సంగతి నాకెర్కలేదు. కాళ్లు గుంజుతున్నయ్. జర కూసోనియ్యుండ్రి."

పార్థసారథి గారు ఆప్యాయంగా భుజం తట్టారు. "కాళ్ల గురించి మెసేజీ ఇంకా రాలేదయ్యా. రాగానే చూద్దాం."

చదువుకున్నవారు కనుక మీరు నవ్వుతారు, నవ్వండి. కానీ సగం కథలోనే మీ గ్రూపేదో గుర్తు చేసుకున్నారు కదూ? ఓ అయినవారు కాస్త ఛాతీ విరుచుకున్నారు, కానివారు కాస్త దిగులుపడ్డారు. ఆ మనిషిని ముందు కూర్చోబెట్టండయ్యా అని మనసులోనైనా అన్నవారు ఎవరో, ఒక్కసారి చేతులెత్తండి.