ముప్ఫై నలుగురు రాసిన పత్రం

తీరప్రాంత వైద్య పరిశోధన కేంద్రం విదేశీ జర్నల్‌కు పంపే పత్రానికి మొదటి రచయితగా ఉండడానికి మంత్రిగారు పెద్ద మనసుతో ఒప్పుకున్నారని డైరెక్టర్ శ్రీరామ్మూర్తి ప్రకటించారు. ఆ పత్రం రాసిన డాక్టర్ ఫెబాకు ఈ సంగతి మర్నాడు దినపత్రిక చూశాక తెలిసింది.

చేపలు ఎండబెట్టే రెండు వందల పన్నెండు మంది ఆడవాళ్ల రక్తం రెండేళ్లపాటు తీసి పరీక్షించింది ఫెబాయే. అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే మొదటి రచయితగా ఒక్క పత్రమైనా ఉండాలి. దరఖాస్తుకు మార్చి నెలాఖరు గడువు. ఆమె డైరెక్టర్ గదికి వెళ్లింది.

ప్రోటోకాల్ చూసే దుర్గారావు అప్పటికే జాబితాతో కూర్చుని ఉన్నాడు.

"శిలాఫలకం లెక్కే మేడమ్. మంత్రిగారు, తర్వాత ఎంపీగారు, తర్వాత ఎమ్మెల్యేలు. వరస తప్పితే మా ఉజ్జోగాలు పోతాయ్."

ఒక్కో రచయిత ఏం చేశారో జర్నల్ వాళ్ల ఫారంలో రాయాలి.

"మంత్రిగారు ఏం చేశారు?" అడిగింది ఫెబా.

"అధ్యక్షత వహించినారు. రాయండి."

"కార్పొరేటర్?"

"రక్తం తీసినరోజు టెంటు ఆయన్దే గదా."

ముప్ఫై నాలుగో పేరుతో జాబితా నిండింది. అది డైరెక్టర్‌ది.

"నీ పేరు కృతజ్ఞతల్లో పెట్టానమ్మా," అన్నారాయన. "వాటర్ ట్యాంకర్ వాళ్లకంటే పైనే."

"ఫలితాలు ఒకసారి చదవండి సార్."

"అచ్చయ్యాక తీరిగ్గా చదువుతా."

అచ్చయింది. మంత్రిగారు పట్టుగుడ్డ తొలగించి పత్రాన్ని ఆవిష్కరించారు. ఇందులో ప్రతి అక్షరానికీ తనదే పూచీ అన్నారు. ఒక పత్రం గొప్పతనం దాన్ని ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారో చూసి కొలుస్తారని, దాన్నే సైటేషన్ అంటారని ఆయనకు ఎవరో చెప్పారు.

"మనకెన్ని?" అని డైరెక్టర్‌ని అడిగారు.

"పత్రం నిన్ననేగా వచ్చింది సార్. సున్నా."

"వారంలో వెయ్యి దాటాలి."

మంత్రిగారి మున్సిపల్ శాఖ సర్క్యులర్ ఇచ్చింది. ఇకపై శాఖలోని ఏ ఆఫీసు నుంచి వెళ్లే ఉత్తరంలోనైనా 'సూచిక' అన్నచోట ఈ పత్రాన్ని పేర్కొనాలి. సూచికలో ఉన్నది జత చేయాలన్నది నియమం కనుక నకలు కూడా జత చేయాలి. కాలవల శుభ్రతకు, సెలవు మంజూరుకు, కుర్చీల కొనుగోలుకు వైద్య పరిశోధన ఆధారమైంది. ఆరు రోజుల్లో సైటేషన్లు వెయ్యిన్ని మూడు వందల పన్నెండు.

ఏడో రోజు గంగాలమ్మ ఒక మున్సిపల్ నోటీసు పట్టుకుని ఫెబా దగ్గరకు వచ్చింది. రక్తం ఇచ్చినవాళ్లలో ఆమె ఒకతె.

"నాను రోడ్డు మీద సేపలు ఎండేత్తన్నానని కాయితం పంపినారు డాట్రమ్మా. దానెనక మంత్రిగారు రాసింది కుట్టినారు. మా కూతురు దేవి డిగ్రీ గదా, సదివింది. బ్యాటరీలు కరిగించే ఫ్యాక్టరీ పొగకి మా రగతంలో సీసం సేరిందంట. అప్పుడు నువ్వు సెప్తే మావోళ్లు నమ్మనేదు. మంత్రిగారే రాసినాక ఇంకేటి?"

ఆ ఫ్యాక్టరీ మంత్రిగారి బావమరిదిది.

మర్నాడు రెండు వందల మంది ఆడవాళ్లు ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చున్నారు. మంత్రిగారే రాశారు కాబట్టి ఫ్యాక్టరీ మూసేయమన్నారు. మంత్రిగారికి జిందాబాద్ కొట్టారు.

సాయంత్రానికల్లా ముప్ఫై నలుగురు రచయితలూ ఆ పత్రంతో తమకు సంబంధం లేదని జర్నల్‌కు రాశారు. టెంటు కూడా తనది కాదని కార్పొరేటర్ రాశారు.

మార్చి ఇరవై తొమ్మిదిన ఫెబాకు డైరెక్టర్ సంతకంతో మెమో వచ్చింది. 'సదరు పత్రానికి సంబంధించిన పరిశోధన, పరీక్షలు, రచన మొదటి నుంచి చివరిదాకా మీరొక్కరే చేశారని, ఇందులో మరెవ్వరికీ ఎలాంటి పాత్రా లేదని విచారణలో రుజువైనది. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను.'

ఫెబా దాన్ని రెండుసార్లు చదివింది. జిరాక్స్ తీయించి, ప్రమోషన్ దరఖాస్తులో 'మొదటి రచయిత అనడానికి ఆధారం' అన్నచోట జత చేసింది. నకలు మీద గెజిటెడ్ అధికారి అటెస్టేషన్ కావాలి. డైరెక్టర్ గదికి వెళ్లింది.

"ఏంటమ్మా?"

"ప్రమోషన్ కాగితాలు సార్. అటెస్ట్ చేయాలి."

"మంచిది, మంచిది," అంటూ శ్రీరామ్మూర్తి ఆకుపచ్చ పెన్ను తీసి, అసలుకు సరైన నకలు అని రాసి, సంతకం చేసి, స్టాంపు వేశారు.